పది మంది లెక్క

1949 ఆగస్టులో అప్పటి రాష్ట్రాల విద్యామంత్రులు ఒకచోట కూర్చుని ఒక లెక్క తేల్చారు. అక్కడి ప్రాంతభాష కాకుండా వేరే మాతృభాష ఉన్న పిల్లలు బడి మొత్తంలో 40 మంది ఉన్నా, ఒక్క క్లాసులోనే 10 మంది ఉన్నా, వాళ్ళ భాషలో పాఠం చెప్పే టీచరును ఒకరిని వెయ్యాలి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందే సదుపాయం కల్పించాలని అది చెబుతుంది. అదే ఏడాది కేంద్రం ఇచ్చిన రక్షణల మెమొరాండంలోనూ ఈ పది-నలభై లెక్కే మళ్ళీ వచ్చింది. అప్పటినుంచి దేశంలో ఎక్కడ ఈ మాట ఎత్తినా ఆఫీసుల్లో ముందు వేసే ప్రశ్న ఇదే: ఎంతమంది ఉన్నారు?

ఆ కాలానికి ఆ లెక్క సబబే. టీచరంటే ఒక మనిషి, ఒక బల్ల, ఒక గది. ముగ్గురు పిల్లలకోసం ఒకరికి జీతం ఇమ్మంటే ఏ ప్రభుత్వమైనా మొహం చాటేస్తుంది. కాని ఒడిశాలోని మా గజపతి జిల్లాలో తెలుగిళ్ళు ఒకచోట కుప్పగా లేవు. పర్లాకిమిడి టౌన్లో కొన్ని వీధులు, కాశీనగర్ వైపు కొన్ని ఊళ్ళు, వంశధార పక్కన మరికొన్ని. ఒక ఊళ్ళో బడికెళ్ళే వయసు పిల్లలు నలుగురుంటే పక్క ఊళ్ళో ఇద్దరు. ఏ బడికి ఆ బడి లెక్కేస్తే ఎక్కడా పది దాటదు. అన్నీ కలిపితే ఒక పెద్ద బడే అవుతుంది. రాయగడ, కోరాపుట్, గంజాం కూడా కలిపితే ఇంక చెప్పనక్కర్లేదు. అటు మహారాష్ట్రలో సిరొంచ, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్ళను అడిగినా ఇంచుమించు ఇదే కథ చెబుతారు.

ఇంటర్నెట్ వచ్చి చదువుల్ని ఎలా మార్చేస్తుందో చెప్పే వ్యాసాలు చాలానే చదివాను. వర్చువల్ రియాలిటీ కళ్ళజోడు పెట్టుకుని గుండె లోపలికి వెళ్ళి చూడొచ్చంటారు, ఎవరి వేగానికి తగ్గట్టు వాళ్ళకి పాఠం మారుతుందంటారు. నాకు వాటితో పేచీ ఏమీ లేదు. ఎవరి ఊళ్ళో వస్తే వాళ్ళు చూసుకుంటారు. సరిహద్దులో బతికేవాళ్ళకి మాత్రం ఇంటర్నెట్ చేయగల అసలు మేలు వేరే ఉంది. ఒక క్లాసు పిల్లలంతా ఒకే గదిలో ఉండాలన్న షరతును అది ఎత్తేసింది. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఆ షరతు ఇంకా అలాగే ఉంది. 1949 నాటి ఆ లెక్కను గదిని బట్టి కాకుండా పిల్లల్ని బట్టి వెయ్యమని అడగాల్సిన సమయం వచ్చిందన్నదే నా వాదన.

నేను విద్యావేత్తను కాను. పర్లాకిమిడిలో నెట్ సెంటర్ నడుపుతాను. జెరాక్స్, ప్రింటు, స్కాలర్‌షిప్ ఫారాలు, పరీక్ష ఫీజులు, రెసిడెంట్ సర్టిఫికెట్లు. ఓటీపీ రాలేదని, సర్వర్ డౌనని రోజంతా జనానికి సర్ది చెప్పడమే నా పని. అయితే ఈ కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి ఒక జిల్లా చదువు మొత్తం కనబడుతుంది. ఎవరి పిల్లలు ఏ మీడియంలో ఉన్నారో, ఎవరు మధ్యలో మానేశారో, ఏ ఇంట్లో అమ్మ సంతకం పెడుతుందో, ఏ ఇంట్లో వేలిముద్ర వేస్తుందో, అన్నీ ఫారాల్లోనే ఉంటాయి.

మా ఊరి నుంచి కాస్త దూరం వెళితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఊరి చివర కొన్ని చోట్ల ఫోను అటువైపు టవరే పట్టుకుంటుంది. ఒకప్పుడు దానికి రోమింగ్ అని డబ్బులు కోసేవారు. మేడ మీద ఈ మూల నిలబడితే ఒడిశా, ఆ మూలకి వెళితే ఆంధ్రా, ఫోను పట్టుకుని మా నాన్నగారు మేడంతా తిరిగేవారు. ఇప్పుడా బాధ లేదు. సిగ్నల్‌కి సరిహద్దు లేదు. సర్టిఫికెట్‌కి మాత్రం ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా ప్రాంతం ఇటు వచ్చింది. గీత గీశారు కాని మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. మా తాతల తరం తెలుగు బడుల్లోనే చదివింది. ఆ తర్వాత తరాల తల్లిదండ్రులు పిల్లల్ని ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో వేస్తూ వచ్చారు. దీన్ని భాషాద్రోహం అని తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలన్న షరతు కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ బతకాలంటే ఒడియా రావాల్సిందే, అందులో అన్యాయమేమీ లేదు. పోనీ తెలుగులో చదివించి ఆంధ్రాకి పంపుదామా అంటే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడి కాలేజీ సీట్లలో 85 శాతం అక్కడ చదివిన లోకల్ పిల్లలకే. మనవాళ్ళు నాన్‌లోకల్. ఇటు భాష అడ్డం, అటు ఊరు అడ్డం. ఇంకా తమాషా ఏమిటంటే, మేమిక్కడ తెలుగు టీచరు కోసం అర్జీలు పెట్టుకుంటున్న రోజుల్లోనే ఆంధ్రాలో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని ఉత్తర్వులిచ్చారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

అందుచేత నేను అడిగేది తెలుగు మీడియం బడి కాదు. రోజూ ఓ అరగంట తెలుగు. చదవడం, రాయడం, మిగతా సబ్జెక్టుల్లో అర్థం కానిది తెలుగులో అడిగి తెలుసుకోవడం. అంతే.

ఆ అరగంట ఎందుకని అడిగేవాళ్ళకి మా వీధి కోడళ్ళను చూపిస్తాను. పర్లాకిమిడిలో తెలుగిళ్ళకి కోడళ్ళు చాలామంది ఆంధ్రా వైపు నుంచే వస్తారు. టెక్కలి, పాతపట్నం, పలాస, పార్వతీపురం. పదో తరగతో ఇంటరో తెలుగులో చదివినవాళ్ళు. ఇక్కడికొచ్చాక ఒడియా మాట్లాడ్డం రెండు మూడేళ్ళలో పట్టుబడుతుంది, చదవడం పట్టుబడదు. పిల్ల రెండో తరగతిలో ఉన్నంతవరకు బొమ్మలు చూసి ఏదో చెబుతారు. మూడు దాటితే ఆ పుస్తకం వాళ్ళ చేతుల్లోంచి జారిపోతుంది. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి తన కూతురి నాలుగో తరగతి లెక్కల ముందు నోరు మూసుకుని కూర్చోవాలి. ట్యూషన్‌కి డబ్బులుంటే ట్యూషన్, లేకపోతే లేదు.

కొన్నేళ్ళ కిందటి వరకు ఇలాంటి తల్లులు పుస్తకం పట్టుకుని నా సెంటర్‌కే వచ్చేవారు. "బావూ, ఈ లెక్క ఏటడుగుతందో కాస్త చెప్పవా" అని. జెరాక్స్ తీస్తూ తీస్తూ చదివి పెట్టేవాణ్ణి. ఇప్పుడు రావడం తగ్గింది. ఫోను కెమెరా పేజీ మీద పెడితే ఒడియా అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాలు వచ్చేస్తున్నాయి. మా పక్కింటి అప్ప ఒకరోజు ఐదో తరగతి సైన్సు పాఠం ఇలాగే తీసింది. నీటి చక్రం. ఫోన్లో వచ్చిన తెలుగు గంభీరంగా ఉంది, 'బాష్పీభవనం' లాంటి మాటలతో. చదువుకున్నదే కాబట్టి ఆవిడకి గుర్తొచ్చింది. ఇంక ఫోను పక్కన పెట్టేసి కూతురికి చెప్పడం మొదలెట్టింది: వేసవిలో మహేంద్రతనయ ఎందుకు సన్నబడిపోతుంది, ఆ నీళ్ళు ఎటు పోతాయి, కొండ మీద మబ్బు ఎందుకు ఆగుతుంది, వాన పడ్డ నాలుగు రోజులకి పెరటి బావిలో నీళ్ళు ఎందుకు పైకొస్తాయి. పుస్తకంలో నది ఉంది కాని ఆ నది లేదు. ఆ పిల్ల ఎదురు ప్రశ్నలు వేస్తోంది. ఫోను చేసిందల్లా ఒక పేజీని తల్లికి చదివి పెట్టడం. పాఠం చెప్పింది తల్లే.

భవిష్యత్తులో చదువు ఎలా మారుతుందని నన్నడిగితే ముందు ఇదే చెబుతాను. ఇంతవరకు మీడియం అనేది బడి నిర్ణయించేది. ఇకమీద పుస్తకం ఒక భాషలో ఉన్నా, ఇంట్లో వివరణ ఇంకో భాషలో దొరుకుతుంది. కేంద్రం 2022లో భాషిణి అనే అనువాద వేదికను మొదలుపెట్టింది. ఇలాంటివి ఏడాదికేడాది మెరుగవుతున్నాయి. ఒడియా పుస్తకానికీ తెలుగు అమ్మకూ మధ్య ఉన్న గోడ పడిపోతోంది. తల్లికి చదవడం వస్తేనే సుమా. ఇప్పుడున్న కోడళ్ళకి తెలుగు చదవడం వచ్చు. వాళ్ళ కూతుళ్ళకి రాదు. రేపు ఆ కూతుళ్ళు తల్లులైతే ఫోను తెలుగులో చూపించేదాన్ని ఎవరు చదువుతారు? చదవక్కర్లేదు, ఫోనే చదివి వినిపిస్తుందిగా అంటారేమో. వినిపిస్తుంది. కాని విని వదిలేసేదానికీ, చదివి, ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకునేదానికీ చాలా తేడా ఉంది.

అదే ఫోనుతో ఇంకో రకం చదువూ నడుస్తోంది, అదీ చెప్పాలి. తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు హోంవర్కు ఫొటో తీసి కృత్రిమ మేధకి పెడతారు, వచ్చిన జవాబు నోటుబుక్కులోకి ఎక్కిస్తారు. ప్రాజెక్టు ప్రింటవుట్లకి నా దగ్గరికే వస్తారు కాబట్టి నాకు తెలుస్తుంది. ఒకే జవాబు, అవే కామాలతో, ఐదారుగురి పేర్ల మీద. ఒకడిని ఆపి "ఇందులో రెండో లైను అర్థం ఏంట్రా" అని అడిగితే, "అది సారు అడగరు" అన్నాడు. వాడి తెలివిని మెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు. అప్ప కూతురి దగ్గరున్న ఫోనూ, వీడి దగ్గరున్న ఫోనూ ఒకే కంపెనీది. అక్కడ పక్కన ఒక మనిషి ఉంది, ఇక్కడ లేదు.

ఈ పక్కన మనిషి సంగతి కొత్తదేమీ కాదు. మన దేశం దీన్ని ముందునుంచీ చూస్తూనే ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీ పాఠాలు పంపారు. ఒడిశా, ఆంధ్రా రెండూ ఆ ఆరింటిలో ఉన్నాయి. తెలుగులోనూ ఒడియాలోనూ కార్యక్రమాలు వచ్చాయి. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది, పాఠాలూ ఆగిపోయాయి. 2011లో ఆకాశ్ టాబ్లెట్ అన్నారు, చవగ్గా ప్రతి విద్యార్థి చేతిలోనూ పెడతామన్నారు. ఇప్పుడు ఆ పేరు చెబితే పిల్లలకి తెలియదు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకి లక్షల్లో లాప్‌టాప్‌లు పంచారు. తర్వాత పరిశీలిస్తే లెక్కల్లో, చదవడంలో వాళ్ళు మెరుగుపడినట్టు తేలలేదు.

కోవిడ్ వచ్చినప్పుడు మన సంగతీ తేలిపోయింది. 2017-18 జాతీయ శాంపుల్ సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు నూటికి 15. ఆ తర్వాత పెరిగాయనుకున్నా, ఇంటికి ఒక్క ఫోను, అదీ నాన్న జేబులో. చిన్న తరగతుల బడులు దాదాపు రెండేళ్ళు మూతబడ్డాయి. వాట్సాప్ గ్రూపులో పాఠం పంపేవారు, పిల్లలు బొటనవేలు గుర్తు పెట్టేవారు. హాజరైనట్టే లెక్క.

అదే కోవిడ్‌లో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో చేసిన ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. వాళ్ళు లాప్‌టాప్‌లు పంచలేదు, యాప్‌లు పెట్టలేదు. వారానికోసారి ఇంటికి మామూలు ఫోన్ కాల్ చేసి, ఇరవై నిమిషాలు పిల్లతో, తల్లిదండ్రులతో లెక్కల గురించి మాట్లాడారు. ముందుగా లెక్క ఎస్సెమ్మెస్‌లో పంపేవారు. కాల్ అందుకున్న పిల్లలు నేర్చుకున్నారు. ఉత్త ఎస్సెమ్మెస్ మాత్రమే అందుకున్నవాళ్ళలో చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. ఖర్చు చూస్తే చాలా తక్కువ. ఫైవ్‌జీ అక్కర్లేదు, కళ్ళజోళ్ళు అక్కర్లేదు. పేరు పెట్టి పిలిచి "నిన్నటి లెక్క చేశావా అమ్మా" అని అడిగే గొంతు కావాలి.

మా జిల్లాకి సరిపోయే పద్ధతి ఇలాంటిదే. కొండ ఊళ్ళలో వీడియో ఆగి ఆగి వస్తుంది. 2024 జూలైలో రీచార్జి రేట్లు పెరిగాక నెలాఖరు వారంలో చాలా ఫోన్లు ఇన్‌కమింగ్‌కే పరిమితం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ లేదు, నెట్‌వర్కూ లేదు. ఇక్కడ ఏ ఏర్పాటు చేసినా ఇవన్నీ లెక్కలోకి తీసుకునే చెయ్యాలి. అందుకే నా ఊహలో ఉన్న క్లాసు చాలా సాదాసీదాగా ఉంటుంది. పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఒక తెలుగు టీచరు. ఐదారు ఊళ్ళ బడుల నుంచి ఇద్దరేసి ముగ్గురేసి పిల్లలు, ఎవరి బడిలో వాళ్ళు కూర్చునే, ఒకే వేళకి ఒకే కాల్‌లోకి వస్తారు. మాట వినబడితే చాలు, బొమ్మ వస్తే మంచిదే. పుస్తకాలు ఆంధ్రావి ఆన్‌లైన్లో ఉచితంగా ఉన్నాయి. 2020 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి, క్యూఆర్ కోడ్ కొడితే దీక్షా పోర్టల్లో పాఠం వస్తుంది. వాటిని ముందే దింపి పెట్టుకోవచ్చు. ప్రతి బడిలో ఆ అరగంట పిల్లల పక్కన కూర్చోడానికి ఒక మనిషి, ఊళ్ళో తెలుగు చదవడం వచ్చిన కోడలెవరైనా సరే, ఆవిడకి నెలకింత అని గౌరవంగా చేతిలో పెట్టాలి. ఈ చివరిది లేకుండా మిగతావన్నీ చేస్తామంటే వద్దనే అంటాను. నాలుగు నెలల్లో మళ్ళీ బొటనవేలి గుర్తుల దగ్గరికే వస్తుంది.

ఇదంతా ఎవరైనా ఇప్పుడే చేసుకోవచ్చుగా, ప్రభుత్వం ఎందుకని అడుగుతారు. చేసుకోవచ్చు. బరంపురంలో, జయపురంలో సంఘాలవాళ్ళు ఆదివారం క్లాసులు పెట్టుకోవచ్చు. కాని లెక్కలోకి రాని క్లాసు ఎంతకాలం నిలుస్తుంది? పరీక్షల ముందు మానేస్తారు, పెళ్ళిళ్ళ సీజన్లో మానేస్తారు, చెప్పే మనిషికి బదిలీ అయితే మూతబడుతుంది. నిలవాలంటే టైమ్‌టేబుల్లో పీరియడ్ కావాలి, మార్కుల కాగితం మీద ఒక గడి కావాలి. పదో తరగతికి వెళ్ళేసరికి ఆ గడికి దారి ఇప్పటికే ఉంది: సీబీఎస్‌ఈలో తెలుగు ఒక సబ్జెక్టు, జాతీయ ఓపెన్ స్కూల్లోనూ తెలుగు తీసుకోవచ్చు. చిన్న తరగతుల్లోనే ఏమీ లేదు.

కాలేజీల్లో ఈ లెక్క ఎప్పుడో మారిపోయింది. 2017లో మొదలైన స్వయం పోర్టల్లో ఎక్కడో ఐఐటీ ప్రొఫెసరు చెప్పే కోర్సును మా ఊరి డిగ్రీ కుర్రాడు చేయొచ్చు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులు అలా చేసినా యూనివర్సిటీ క్రెడిట్లు ఇవ్వొచ్చు. అంటే పాఠం చెప్పేవాడు వేరే ఊళ్ళో, వినేవాళ్ళు వెయ్యి ఊళ్ళలో ఉన్నా అది క్లాసేనని ఈ దేశం ఒప్పేసుకుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఒప్పుకున్నది ఏడేళ్ళ పిల్లకి ఎందుకు ఒప్పుకోరు? చిన్నపిల్లలకి స్క్రీన్ మంచిది కాదంటే ఆ మాట నిజమే. అందుకే రోజంతా అడగడం లేదు, అరగంట అడుగుతున్నాను, పక్కన మనిషినీ అడుగుతున్నాను.

నాకు అసలు భయం వేరే ఉంది. ఇలా ఒక దారి చూపిస్తే, ఉన్న టీచరును కూడా తీసేసి "ఆన్‌లైన్లో వస్తోందిగా" అనే ప్రమాదం. పిల్లలు తగ్గారని బడుల్ని పక్క బడిలో కలిపేయడం చాలా రాష్ట్రాల్లో చూశాం. అందుకని ఉత్తర్వులోనే ఒక వాక్యం రాయించుకోవాలి: ఆన్‌లైన్లో కలిసిన పిల్లల సంఖ్య కొత్త టీచరును వెయ్యడానికే పనికిరావాలి, ఉన్న టీచరును ఎత్తేయడానికి కాదు. ఇది లేకుండా ఎవరు వచ్చి స్మార్ట్ క్లాస్ రిబ్బన్ కట్ చేసినా నేను చప్పట్లు కొట్టను.

మరి ఆ టీచర్లు ఎక్కడినుంచి వస్తారు? ఇక్కడే రెండు రాష్ట్రాలూ కాస్త బుర్ర పెట్టాలి. సరిహద్దుకు అటువైపు, ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతంలో ఒడియా పిల్లలున్నారు. ఒడియా బడులున్నాయి, వాళ్ళకీ మాలాంటి ఇబ్బందులే. ఒడిశాకి ఒడియా టీచర్లకి కొరత లేదు, ఆంధ్రాకి తెలుగు టీచర్లకి కొరత లేదు. ఒడిశా నుంచి ఒక టీచరు ఇచ్ఛాపురం పిల్లలకి చెబితే, టెక్కలి నుంచి ఒక టీచరు కాశీనగర్ పిల్లలకి చెప్పొచ్చు. ఎవరి జీతం వాళ్ళ రాష్ట్రమే ఇస్తుంది. డెప్యుటేషన్ ఫైళ్ళు కదలక్కర్లేదు, ఇల్లు మారక్కర్లేదు. కొటియా ఊళ్ళు ఎవరివని రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. రోజుకో అరగంట టీచర్ని మార్చుకోవడం అంతకన్నా కష్టం కాదనుకుంటాను.

ఈ మార్పిడి తెలుగు, ఒడియాలకే పరిమితం కానక్కర్లేదు కూడా. మా కొండల మీద సవరలున్నారు, గీతకి అటూ ఇటూ. ఒడిశాలో 2006-07 నుంచి గిరిజన భాషల్లో మొదలెట్టిన బహుభాషా చదువులో సవర ఉంది. ఆంధ్రాలో అంతకన్నా కొంచెం ముందే సవర పాఠాలు తెలుగు లిపిలో తెచ్చారు. ఇటు సవరకి ఒడియా లిపి. మంగేయి గమాంగో 1936లో తయారు చేసిన సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్ కూడా ఉంది, అది 2012లో కంప్యూటర్లలో అన్ని లిపులకీ వాడే ప్రమాణం యూనికోడ్‌లోకి ఎక్కింది. ఒకే భాష మాట్లాడే పిల్లలు కొండకి అటొక అక్షరం, ఇటొక అక్షరం నేర్చుకుంటున్నారు. నోటిమాటతో నడిచే క్లాసుకి లిపి అడ్డం కాదు. మా తెలుగు కన్నా ముందు వాళ్ళకే ఇది దక్కాలని ఎవరైనా అంటే నేను కాదనను.

సవరల మాట వస్తే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారి పేరు రాకుండా ఉండదు. ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, వాళ్ళకి బడి పెట్టించారు, 1931లో వాళ్ళ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మనుషులు మాట్లాడే తెలుగులోనే పాఠం ఉండాలని జీవితమంతా పోట్లాడారు. ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండలు వేసేవాళ్ళు ఒక పని చేసి చూడండి: ఫోన్లో మాటను రాతగా మార్చే మైకు నొక్కి, మా వీధి పిల్ల చేత మాట్లాడించండి. "నానేటి సేస్తన్నానంటే" అని మొదలెడుతుంది, మధ్యలో నాలుగు ఒడియా మాటలు కలుస్తాయి. మెషీను తడబడుతుంది. టీవీలో వార్తలు చదివే తెలుగైతే టకటకా రాసేస్తుంది. రేపు కృత్రిమ మేధ పంతులు వచ్చి ఈ పిల్లకి పాఠం చెప్పాలంటే ముందు ఈ పిల్ల మాట దానికి అర్థం కావాలి. కంపెనీలకి ఈ యాసలో మార్కెట్ లేదు, వాళ్ళంతట వాళ్ళు నేర్పరు. ఇలాంటి క్లాసులు నడిస్తే, తల్లిదండ్రుల ఒప్పుకోలుతో, పేర్లు తీసేసి, ఆ మాటలు పోగుచేసి ఇచ్చే వీలైనా ఉంటుంది.

ఇంతకీ ఆ పది మందినీ ఎలా లెక్కపెట్టడం? 1949లో అది కష్టం. ఊరూరా తిరగాలి. ఇప్పుడు ప్రతి బడికీ, బడుల వివరాలు దాచే కేంద్రం వారి యూడైస్ వ్యవస్థలో, 11 అంకెల కోడ్ ఉంది. ప్రతి పిల్లకీ అపార్ అని 12 అంకెల నంబరు ఇస్తున్నారు. యూడైస్ ప్లస్‌లో పిల్లల వివరాలు ఎక్కించేటప్పుడు పుట్టినతేదీ, ఆధార్‌తో పాటు మాతృభాష అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో తెలుగు అని ఉన్న పిల్లలు గజపతి జిల్లాలో ఎంతమందో, ఏయే ఊళ్ళలోనో, భువనేశ్వర్‌లో ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని చెప్పేయొచ్చు. అర్జీ పెట్టుకునే ముందు మనం చూసుకోవాల్సింది ఆ గడినే.

బడిలో చేర్చేటప్పుడు చాలామంది దాన్ని పట్టించుకోరు. ఫారం నింపేవారు బడి మీడియం చూసి ఒడియా అని వేసేస్తే మనకి తెలియను కూడా తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళయితే, పిల్ల ఏ మీడియంలో చదువుతున్నా సరే, ఈ వారం ఒకసారి బడికి వెళ్ళి హెడ్మాస్టరు గారిని అడిగి ఆ ఎంట్రీ చూపించమనండి. ఒడియా అనో ఇంగ్లీషు అనో ఉంటే తెలుగు అని మార్పించండి. మీడియం మారదు, స్కాలర్‌షిప్ పోదు, భయపడక్కర్లేదు. ఉత్తరం రాసుకెళ్ళాలంటే నమూనా నా సెంటర్లో ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ. ప్రింటుకి డబ్బులు తీసుకోను.